మాయ సీమంతానికి వచ్చిన పెద్దావిడ

దెయ్యాలంటే నవ్వేసే మనిషిని నేను. మా కాలనీ ఉన్నచోట ఒకప్పుడు శ్మశానం ఉండేదని ఎవరో అంటే, "అయితే గజానికి అంత రేటు ఎందుకు పెట్టారు?" అని అడిగాను. ఇప్పటికీ నమ్మను. కానీ మొన్న వేసవిలో మా ఎదురింట్లో జరిగింది చెప్పబోతే నా గొంతు దానంతటదే పెరిగిపోతుంది. మళ్ళీ మొదలెట్టావా అంటూ మా ఆయన లేచి వెళ్ళిపోతారు.

మాది కంకిపాడు దాటాక, పొలాలు పూడ్చి వేసిన కాలనీ. ఎదురింటి మేడమీద వాటాలోకి ఒక నేపాలీ జంట అద్దెకొచ్చింది. అతను విజయవాడలో ఫాస్ట్‌ఫుడ్ సెంటర్లో వంట చేస్తాడు. పొద్దున వెళితే అందరూ పడుకున్నాకే రాక. భార్య పేరు మాయ. చిన్న వయసు, కడుపుతో ఉంది. పగలంతా బాల్కనీ గోడ పట్టుకుని రోడ్డు చూస్తూ నిలబడేది.

ఊరుకోవడం నాకు చేతకాదు. ఒకరోజు పులిహోర గిన్నె పట్టుకుని మెట్లెక్కేశాను. నా హిందీ వింటే హిందీవాళ్ళకు ఏడుపొస్తుంది. మాయకు మాత్రం నవ్వొచ్చింది. వారం తిరక్కుండా నన్ను అక్కా అనడం మొదలుపెట్టింది.

ఆ వచ్చీరాని మాటల్లోనే తెలిసింది, ఆమె తల్లి చిన్నప్పుడే పోయిందని. ఆ తల్లి మాట్లాడిన భాష నేపాలీ కూడా కాదట. వాళ్ళ కొండల్లో కొన్ని ఊళ్ళవాళ్ళకే వస్తుందట. భర్తకు కూడా రాదు. పెళ్ళయ్యాక ఆ భాషలో ఒక్క మాటైనా మాట్లాడేవాళ్ళు దొరకలేదంది.

ఏడో నెల వచ్చేసరికి మాయ తిండి మానేసింది. ఏం పెట్టినా రెండు మెతుకులు కెలికి వదిలేసేది. బిడ్డ ఎదగడం లేదు, ఇలాగైతే కష్టమని డాక్టరమ్మ నన్నే కోప్పడింది, నేనే తల్లిననుకుని.

కడుపుతో ఉన్న పిల్లకు పుట్టింటివాళ్ళు చలిమిడి పెట్టాలి కదా. ఆ పుట్టిల్లేదో నేనే అవుదామని పంతం పట్టి, వాళ్ళ వాటాలోనే సీమంతం పెట్టేశాను. తడిపిండి ఆడించి, బెల్లం పాకం పట్టి చలిమిడి చేశాను. కాలనీ ఆడవాళ్ళందరూ వచ్చారు.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. కొంగులతో విసురుకుంటూ మాయకు గాజులు తొడుగుతుంటే ఒక పెద్దావిడ లోపలికి వచ్చింది. పొట్టి మనిషి, ఆకుపచ్చ నేతచీర, ముఖమంతా ముడతలు. మూలింటి సుజాతగారి అత్తగారు ఉయ్యూరు నుంచి వస్తారని విన్నాను. ఆవిడే అనుకుని, "రండి పిన్నిగారూ, ఇలా ముందుకు రండి" అని మాయ పక్కనే కూర్చోబెట్టాను. పేరంటానికి వచ్చిన పెద్దవాళ్ళను మీరెవరండీ అని అడుగుతామా?

ఆవిడ గాజులు తొడుగుతూ మెల్లగా ఏదో అంది. మాయ ఉలిక్కిపడి తలెత్తింది. ఆ తర్వాత ఇద్దరూ ఒకటే మాటలు! హిందీ కాబోలు అనుకున్నాను. ఆవిడ చలిమిడి తుంచి నోట్లో పెడుతుంటే మాయ చంటిపిల్లలా తినేసింది. పళ్ళెం ఖాళీ. నాకు పట్టరాని సంతోషం. ఫోను తీసి ఫొటోల మీద ఫొటోలు కొట్టాను.

తాంబూలం నా చేతులతోనే ఇచ్చాను. ఆవిడ అరచేతులు గరుగ్గా, వెచ్చగా ఉన్నాయి. కట్టెలపొయ్యి పొగ వాసన వేసింది. నవ్వి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

అందరూ వెళ్ళాక మాయ నన్ను వాటేసుకుంది. "అక్కా, మా అమ్మ మాట! అచ్చం అదే మాట! ఆ అమ్మ నీకు ఎక్కడ దొరికింది?"

ఉయ్యూరు ఆవిడకు ఆ భాషెలా వచ్చు? ఇప్పుడే వస్తానని సుజాతగారింటికి పరిగెత్తాను.

"మా అత్తయ్యగారు రాలేదండీ, మోకాళ్ళ నొప్పులని ఆగిపోయారు. ఆవిడ మీ పుట్టింటివైపు వాళ్ళు కాదా? మీరే కదండీ పిన్నిగారూ అని పిలిచారు!" అందావిడ.

ఇల్లిల్లూ తిరిగి అడిగాను. ఆవిణ్ణి చూడనివాళ్ళు లేరు. ఇంకెవరి తాలూకో అనుకోనివాళ్ళూ లేరు. సుజాతగారి గేటుకు కెమెరా ఉంది గానీ, కరెంటు లేకపోతే అదేం చూస్తుంది? నా ఫోన్లో తీసినవన్నీ మసకగా వచ్చి, ఒక్క ఫొటోయే తేటగా మిగిలింది. అందులో మాయ పకపకా నవ్వుతోంది. ఆమె మోచెయ్యి పట్టుకుని ఒక ముడతల చెయ్యి, పక్కన ఆకుపచ్చ చీర అంచు. మిగతా మనిషి ఫొటోలో పడలేదు.

అంత ఎగతాళి చేసే మా ఆయనే, కొండలవైపు నుంచి వచ్చిన ముసలమ్మ ఎవరైనా ఉందేమోనని ఉయ్యూరు దాకా వాకబు చేసొచ్చారు. అలాంటి మనిషిని చూసినవాళ్ళు ఎవరూ దొరకలేదు. ఆవిడ ఎవరో, ఎవరు చెబితే వచ్చిందో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు.

ఆ మర్నాటి నుంచి మాయ అన్నం తింది. అడిగి మరీ వడ్డించుకుంది. కాన్పు సుఖంగా అయింది. ఆడపిల్ల, బొద్దుగా ఉంది, ఏడిస్తే వీధి వీధంతా లేచి కూర్చోవాల్సిందే! ఎత్తుకున్నప్పుడు నాకైతే కాళ్ళు నేలమీద నిలవలేదు.

ఈ ఆదివారం బారసాల. మాయ కోరిందల్లా ఒక్కటే, ఆ అమ్మను కూడా పిలవాలి. నేనే ఎక్కడో వెతికి తెచ్చానని ఆమె నమ్మకం. కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. "పిలుస్తాలేవే" అనేశాను.

నిన్న కుంకుమభరిణె పట్టుకుని కాలనీ అంతా తిరిగి బొట్టు పెట్టి పిలిచొచ్చాను. ఆవిడొక్కతే మిగిలింది. ఎవరి గుమ్మంలోకి వెళ్ళి పిలవాలో తెలియక, భరిణె ఇంకా చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను.