అరుణశ్రీ ఏ ఊరి లోకల్

కోపమొస్తే నా నోరు ఆగదని హాస్టల్లో అందరికీ తెలుసు. అరుణశ్రీ సంగతి చెప్పేటప్పుడు అసలే ఆగదు. బంగారంలాంటి పిల్లను ఒక్క మాట ఎలా ఇరికించిందో పక్క మంచం మీద కూర్చుని చూసినదాన్ని మరి.

నా పేరు మాలతి. మాది సూర్యాపేట దగ్గర పల్లె, తనది పోచంపల్లి. పట్నంలో చైతన్యపురి లేడీస్ హాస్టల్లో ఒకే గదిలో ఉంటూ టీచరు పోస్టుకు కోచింగ్ తీసుకునేవాళ్లం. రెండు వేల పదకొండు. తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదుంది. క్లాసు జరిగిన రోజులకన్నా బంద్ రోజులే ఎక్కువ. దిల్‌సుఖ్‌నగర్‌లో బైఠాయింపు అన్నా, ఎల్బీనగర్ దాకా ర్యాలీ అన్నా మేమిద్దరం ఉండాల్సిందే. నాన్ లోకల్ వాళ్లు వెళ్లిపోవాలి, మా కొలువులు మాకే కావాలి, ఇదే మా నినాదం.

ఇంగ్లీషు చెప్పే భానుమూర్తి సారుది తెనాలి. పాతికేళ్లుగా ఇక్కడే కొత్తపేటలో కాపురం. ఏ మాటకైనా అది ఎలా పుట్టిందో చెప్పకుండా అర్థం చెప్పేవాడు కాదు. ఒకరోజు వెనక బెంచీ వాళ్లు ఆయన్ను ఆటపట్టించారు.

"సార్, లోకల్ అనే మాట సంగతి చెప్పున్రి. మీరు లోకలా, నాన్ లోకలా?"

క్లాసంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. సారు మాత్రం చాక్‌పీసు తీసుకుని బోర్డు మీద ఆ మాట రాశాడు.

"చెప్తా వినండర్రా. లాటిన్‌లో లోకస్ అంటే చోటు. అందులోంచి వచ్చిందే లోకల్. మొదట్లో ఇది వైద్యుల మాట. ఒంట్లో ఒక్కచోటే ఉండే జబ్బుని లోకల్ అనేవారు. పన్ను పీకేటప్పుడు ఇప్పటికీ లోకల్ మత్తు ఇస్తారుగా, అదే. రైలింజన్ని లోకోమోటివ్ అంటాం, అందులోనూ ఆ చోటే ఉంది, ఉన్నచోటు నుంచి కదిలేదని. ఇంగ్లండువాడు 'మా లోకల్' అన్నాడనుకోండి, వాళ్ల వీధిలో మందు కొట్టే దుకాణం!" మళ్లీ నవ్వు. "మనిషిని పట్టుకుని లోకల్ అనడం కొన్ని వందల ఏళ్ల తర్వాత మొదలైంది. జబ్బుకి పెట్టిన పేరు మనకి తగిలించారర్రా."

అరుణశ్రీ లేచి నిలబడింది. "సార్, పుట్టిన చోటే లోకల్ కదా?"

"మాటలో అలా ఏం లేదమ్మా. ఉత్త చోటు అనే ఉంది. ఏ చోటో చెప్పేది సర్కారు. నాలుగు నుంచి పదో క్లాసు దాకా ఎక్కడ ఎక్కువేళ్లు చదివావో అక్కడ నువ్వు లోకల్."

ఆ పిల్ల కూర్చుని వేళ్ల మీద క్లాసులు లెక్కపెట్టుకుంది.

గదికొచ్చాక విషయం చెప్పింది. వాళ్ల నాన్న హనుమాండ్లు నేతగాడు. పోచంపల్లిలో పని దొరకని రోజుల్లో పెళ్లాంబిడ్డలతో మంగళగిరి వెళ్లి షావుకారు మగ్గం మీద నేశాడు. ఈమె నాలుగు నుంచి ఏడు దాకా అక్కడే చదివి, ఆ తర్వాత తిరిగొచ్చి పోచంపల్లిలో పది పాసయింది. అక్కడ నాలుగేళ్లు, ఇక్కడ మూడేళ్లు.

"నల్గొండ బిడ్డను గాబట్టి నల్గొండ లోకలే అనుకున్ననే. గిన్నొద్దులు నన్ను నేనే ఎల్లగొట్టుమని ఒర్రిన్ననే మాలతీ!"

నాకు ఒళ్లు మండిపోయింది. "థూ, గిదేం రూలే! మీ తాతముత్తాతలు గీడనే కదనే!" అని హాస్టల్ అదిరేలా తిట్టాను. రూలుకి చెవులుంటేగా.

మరుసటి ఏడాది నోటిఫికేషన్ పడింది. ఒక్క జిల్లాకే దరఖాస్తు పెట్టాలి. పోస్టుల్లో చాలా మటుకు ఆ జిల్లా లోకల్ వాళ్లవే. నల్గొండకు పెడితే మిగిలిన గుప్పెడు పోస్టుల కోసం లోకమంతా తోసుకుంటుంది. మంగళగిరి ఉన్న గుంటూరు జిల్లాకు పెడితే కొలువు దాదాపు ఖాయం. అడకత్తెరలో పోకచెక్క అయింది పిల్ల. అన్నం ముట్టదు, పుస్తకం తెరవదు.

అప్పుడే హనుమాండ్లు కంటి దవాఖానకని పట్నం వచ్చి, హాస్టల్ గేటు దగ్గర నిలబడ్డాడు.

"పోగు కనబడ్తలేదు బిడ్డా. ఇగ మగ్గమెక్కలేను. నాడు తిండికోసం నిన్ను గాడికి తోల్కపోయిన. నేడు నీ తిండి గాడనే ఉన్నదంటున్నరు. గుంటూరుకే రాయి."

"ద్రోహి అంటరు నాయినా."

"అననీ. తిట్లు తింటే కడుపు నిండది. తినకుంటే గూడ నిండది."

రాసింది. మంగళగిరి పక్క పల్లెలో ప్రైమరీ స్కూల్లో పోస్టు వచ్చింది. అక్కడే ఒకరింట్లో గది అద్దెకు తీసుకుంది. మాతో ర్యాలీల్లో నడిచినవాళ్లే ఆంధ్రా టీచరమ్మ అని ఎక్కిరించారు. అలా అన్నవాణ్ణొకణ్ణి బస్టాపులో పట్టుకుని దుమ్ము దులిపాను. ఇక అక్కడేమో స్టాఫ్‌రూములో ఆమె తెలంగాణ మేడం. "మా పోస్టులు తీసుకుని, మళ్లీ విడిపోతామంటారు!" అని ఒకావిడ ముఖం మీదే అందట. ఆవిడ చెల్లెలికి పోస్టు రాలేదు మరి, ఏమనగలం? ఉభయభ్రష్టత్వం ఉప్పరి సన్యాసం.

రాష్ట్రమొస్తే బదిలీ అడుగుదామని ఓపిక పట్టింది. రాష్ట్రం ఖాయమయ్యాక తెలిసిందేమిటంటే, జిల్లా పోస్టు ఆ జిల్లా దాటదు. నల్గొండ ఇప్పుడు వేరే రాష్ట్రం. తను కోరుకున్నది వచ్చింది, తను మాత్రం అవతల ఉండిపోయింది.

జూన్ రెండున దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద ఇసుక వేస్తే రాలనంత జనం. టీచరు పోస్టు రాక నేను చేరిన చీరల దుకాణం ముందు రంగులు చల్లుకుంటున్నాం. అరుణశ్రీ ఫోన్ చేసింది.

"గాడ డప్పులు కొడ్తున్నరానే?"

"ఏం కొట్టుడే! నువ్వుంటే ఎంత మంచిగుండె!"

"ఫోను జర మీదికి పట్టవే. నేను గూడ ఇంట."

జనం తలల మీదికి ఫోను ఎత్తి పట్టుకున్నాను. చెయ్యి లాగేదాకా దించలేదు. చెవి దగ్గర పెట్టుకుంటే అవతల వెక్కిళ్లు వినబడ్డాయి. కాసేపటికి, వినీ వినబడనట్టు, "జై తెలంగాణ" అంది.

"గట్టిగనవే! గియ్యాల గూడ గింత మెల్లగనా?" అని గదమాయించాను.

"పక్క అర్రల ఇంటామె ఏడుస్తున్నదే మాలతీ. రాష్ట్రం పోయిందని పొద్దుగాల్నుంచి ముద్ద ముట్టలే. మంచిది, నాకు జరమొచ్చి పెయ్యి వెచ్చగైతే గంజి కాసి పోసింది. ఆమె ఇంట్ల నిలబడి నేనెట్ల అరుస్తనే?"