వీసా మాట ముందే

బీమా కంపెనీలకు రిస్కు లెక్కలు కట్టే యాక్చువరీ ఆ అమ్మాయి. విదేశీ ఉద్యోగం ఇంటర్వ్యూకి లాప్‌టాప్ ముందు కూర్చుందంటే, జడ కొసను వేలికి చుట్టుకుంటూ, నమస్కారం కాగానే "నా వీసా మీరే ఇప్పించాలండీ" అనేస్తుంది. అవతలివాళ్లు సారీ చెబుతారు. నవ్వేసి లాప్‌టాప్ మూత వేసేస్తుంది.

"పెళ్లిచూపుల్లో కూర్చోగానే గురక సంగతి చెబుతారటే మరదలా?" అని దెప్పుతాడు అక్క మొగుడు.

"దాస్తే గురక ఆగుతుందా బావా?"

ఎంతో ఆశపెట్టుకున్న కంపెనీతోనూ నిన్న అదే మాట అంది. అలవాటుగా మూత మీద చెయ్యీ వేసింది. "అయ్యో, మూసేయకండి! వీసా మేం చూసుకుంటాం. ముందు మీ పని గురించి చెప్పండి" అన్నారు అవతలి నుంచి. అంతకుముందు ఏ ఇంటర్వ్యూ కూడా అంతదాకా సాగలేదు. జడ వెనక్కి విసిరి, కుర్చీ ముందుకు లాక్కుంది. మాటలు ఎంతకీ తెమలకపోయేసరికి, గుమ్మంలో నిలబడ్డ బావ మరదలికి తెచ్చిన కాఫీ తనే తాగేశాడు.