యుద్ధ విమానం, రెండు మొక్కులు

మా అమ్మాయి యుద్ధ విమానం నడుపుతానని చెప్పిన సాయంత్రం నేనింకా కాళ్ళ చెప్పులైనా విప్పలేదు. సిడ్నీ శివార్లలో, క్వేకర్స్ హిల్ స్టేషన్‌లో రైలు దిగి ఇంటికి నడిచొచ్చేసరికి నా ఒంట్లో ఓపిక అడుగంటుతుంది. ఆ అడుగున మిగిలినదాంతోనే వంట, గిన్నెలు, మర్నాటి టిఫిన్ డబ్బాలు. కూరగాయల సంచి నా చేతిలోంచి అందుకుంటూ, "అమ్మా, ఐ అప్లైడ్. ఎయిర్ ఫోర్స్‌కి. పైలట్‌గా," అంది. యూనివర్సిటీలో ఇంజినీరింగ్ పూర్తిచేసి, మంచి ఉద్యోగం చేసుకుంటున్న పిల్ల.

"ఏం విమానాలు?" అన్నాను. వరదలొచ్చినప్పుడు పప్పూ ఉప్పూ జారవిడిచే విమానాలేమోనని నా ఆశ.

"ఫైటర్స్. ఇఫ్ దే టేక్ మి."

"తీసుకోకూడదని ఇప్పుడే దణ్ణం పెట్టుకుంటున్నా," అన్నాను. అది నోరు జారి అన్న మాట కాదు. మాకు ఉన్నది ఒక్కతే పిల్ల. సంతకం పెడితే పదేళ్ళ పైమాటే అట. ఎక్కడ యుద్ధం వస్తే అక్కడికి పొమ్మంటే పోవాలి. ఆ రాత్రి పప్పులో ఉప్పు వెయ్యలేదని మా ఆయనా అనలేదు, పిల్లా అనలేదు. ముగ్గురం తిని లేచాం.

తప్పంతా మా ఆయనది. ఎడ్మండ్‌సన్ పార్క్ దాటి ఇంకా కిందికి పోతే పాతకాలపు విమానాలు దిగే చిన్న మైదానం ఒకటుంది. దాని పక్కన రేకుల షెడ్డు. అందులో కొందరు పెద్దవాళ్ళు కలిసి రెండో ప్రపంచయుద్ధం నాటి బూమరాంగ్ అనే యుద్ధ విమానాన్ని మళ్ళీ నిలబెడుతున్నారు. ఎక్కడో పొలంలో తుప్పుపట్టి దొరికిన మొండెం అది. మా ఆయన వారమంతా పంపుల కంపెనీలో ఇంజినీరు, శనివారం పొద్దున ఈ షెడ్డులో కూలీ. పిల్ల స్కూలు రోజుల నుంచీ ఆయన వెంట పోయేది. రేకుల్ని కలిపే రివెట్లు కొట్టడానికి ఇద్దరు కావాలి. బయట ఒకరు తుపాకీలాంటి యంత్రంతో కొడుతుంటే, లోపల ఇంకొకరు ఇనుపదిమ్మె అదిమిపట్టి ఉండాలి. సన్నటి చేతులున్నాయని మా పిల్లను లోపలికి పంపేవాళ్ళు. ఇంటికొచ్చేసరికి జడ నిండా అల్యూమినియం పొడి. ఆ జడ విప్పి దువ్వలేక నా చేతులు పడిపోయేవి.

ఆ విమానం కథ మా ఇంటికొచ్చిన ఏ చుట్టమూ తప్పించుకోలేదు. సత్యనారాయణ వ్రతానికి వచ్చినవాళ్ళకు అయిదు కథలు అయ్యాక ఆరో కథ ఇదే. ప్రసాదం చేతిలో పెట్టుకుని, కదల్లేక వినేవాళ్ళు.

జపాన్ సైన్యం ఒక్కో దీవీ మింగుకుంటూ కిందికి దిగి వస్తోంది. డార్విన్ మీద నేడో రేపో బాంబులు పడేలా ఉన్నాయి. ఈ దేశానికి సొంత యుద్ధ విమానం ఒక్కటి లేదు. అమ్మేవాళ్ళంతా ఎవరి యుద్ధంలో వాళ్ళున్నారు. ఇల్లు కాలుతుంటే నుయ్యి తవ్వినట్టు, అప్పుడు మొదలుపెట్టారు. కొత్తగా గీసి, కొత్తగా పరికరాలు తెప్పించే సమయం లేదు. శిక్షణ విమానం రెక్కలున్నాయి, బాంబర్ కోసం చేస్తున్న ఇంజనుంది. చుట్టాలు చెప్పకుండా వస్తే నేను నిన్నటి పప్పులో ఇవాళ్టి వంకాయలు వేసినట్టు, ఆ రెంటినీ కలిపి, నెలల వ్యవధిలో ఎగరేశారు. పొట్టిగా, ముక్కు లావుగా, మొండిగా ఉంటుంది. అందగత్తె కాదు.

దాన్ని గీసినవాళ్ళలో ముఖ్యుడు యూరప్ నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన వలస ఇంజినీరట. పుట్టిన దేశం శత్రువుల పక్షాన ఉంది కాబట్టి, ఈ దేశాన్ని కాపాడే విమానం గీస్తూనే, మధ్యమధ్య పోలీస్ స్టేషన్‌కు పోయి నేనిక్కడే ఉన్నానని కనపడి రావాలి. కథ ఇక్కడికొచ్చేసరికి మా ఆయన ప్రతిసారీ నవ్వేవాడు. "మన వీసా కష్టాలు ఏపాటివండీ!" అని. చుట్టాలూ నవ్వేవాళ్ళు. నేను లోపల గిన్నెలు సర్దుకుంటూ వినేదాన్ని. నాకు ఆ పెద్దమనిషి మీద జాలి వేసేది తప్ప నవ్వు ఎప్పుడూ రాలేదు.

తరువాత యుద్ధం. కిందుగా ఎంత చురుకో, ఎత్తుకు పోతే అంత ఆయాసం దానికి. పైన పోయే బాంబర్లు దీనికి అందేవి కావు. యుద్ధమంతా అయ్యేసరికి బూమరాంగ్ కూల్చిన శత్రు విమానం ఒక్కటంటే ఒక్కటి లేదు. ఈ మాట చెప్పేటప్పుడు మా ఆయన గొంతు తగ్గించేవాడు, సొంత కూతురు పరీక్ష తప్పినట్టు. వెంటనే మళ్ళీ పెంచేవాడు. ఎందుకంటే న్యూగినీ అడవుల్లో అదే విమానం జంటలు జంటలుగా చెట్ల కొసల మీద ఎగిరింది. ఒకటి కింద వెతికితే ఇంకొకటి పైన కాపలా. ఆకుల కింద దాక్కున్న శత్రువుల ఫిరంగుల్ని కనిపెట్టి, అక్కడ పొగ వదిలి, వెనక వచ్చే పెద్ద విమానాలకు గుర్తు చూపేది. బురదలో నడుస్తున్న సిపాయిలకు తలెత్తితే అది కనపడేదట. "కొట్టకపోతే ఏం, కాపాడింది!" అని ముగించేవాడు. మా పిల్ల ఈ కథ వింటూనే పెరిగింది.

నేనో బ్యాంకులో సాఫ్ట్‌వేర్ పరీక్షిస్తాను. ఎవరో ముచ్చటపడి కట్టినదాన్ని తీసుకుని, అది ఎక్కడ విరుగుతుందో వెతకడమే నా పని. ఏళ్ళ తరబడి అదే చేసి ఇప్పుడు ఏది చూసినా ముందు విరిగే చోటే కనిపిస్తుంది. అంత కిందుగా ఎగిరితే కింద నుంచి కాల్చరా? ఈ ప్రశ్న మా ఆయన కథలో ఎప్పుడూ రాలేదు.

పిల్ల ఆ మాట చెప్పిన రెండు వారాల తరువాత నేను వేంకటేశ్వరస్వామి గుడికి పోయాను. సిడ్నీకి దక్షిణాన, అడవి అంచున ఉంటుంది. ఒక్కదాన్నే డ్రైవ్ చేసుకుంటూ పోయి, పిల్ల సెలెక్ట్ కాకపోతే తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాను. పిల్లలు పాసవ్వాలని మొక్కే తల్లుల మధ్య నిలబడి, మా పిల్ల ఫెయిలవ్వాలని మొక్కాను. సిగ్గేం వెయ్యలేదు. ఇంటికొచ్చి దాచలేదు కూడా. దాచి దాచి మొయ్యడానికి నాకు ఓపికేది?

"యూ డిడ్ వాట్?" అంది పిల్ల.

"విన్నావుగా. నువ్వు సెలెక్ట్ కాకపోతే గుండు చేయించుకుంటా."

"దట్స్ నాట్ ఫెయిర్, అమ్మా. నా అగెయిన్‌స్ట్‌గా గాడ్‌ని ఎట్టా వాడుకుంటావ్?" కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఫైన్. నేనూ మొక్కుతా. సెలెక్ట్ అయితే నా హెయిర్ ఇస్తా. సేమ్ గాడ్‌కి," అంది.

"గుండేసుకుని ట్రైనింగ్‌కి పోతావటే?"

"ఇట్ సేవ్స్ టైమ్."

మా ఆయన టీ తాగుతూ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "బాగుందమ్మా. ఎట్టా పోయినా స్వామికి జుట్టు ఖాయం. ఇక ఆయన మన గొడవ పట్టించుకుంటాడా?" అన్నాడు. నేను ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు.

కంటి పరీక్షలు, ఒంటి పరీక్షలు, ఇంటర్వ్యూలు, ఒకదాని తరువాత ఒకటి అయ్యాయి. ప్రతిదానికీ తను నవ్వుతూ పోయి నవ్వుతూ వచ్చేది. ప్రతిదాని తరువాతా నేను ఇంకొంచెం అలిసిపోయేదాన్ని. భయపడటం కూడా ఒక ఉద్యోగమే. దానికి సెలవులు లేవు.

ఆ మధ్యలో ఒక శనివారం షెడ్డులో బార్బీ, అంటే మాంసం కాల్చుకు తినే విందు, పెట్టుకున్నారు. మాంసాలు మాకొద్దని నేను పులిహోర పట్టుకెళ్ళాను. విమానం అప్పటికి రూపానికి వచ్చింది. రెక్కలెక్కాయి. ఆ షెడ్డును నడిపించే పెద్దాయన స్టూలు మీద కూర్చుని తోకకు రంగు వేస్తున్నాడు. ఎనభై దాటిన మనిషి, చెయ్యి మాత్రం వణకదు. ఒళ్ళంతా ఆకుపచ్చ వేసి, తోక మాత్రం తెల్లగా వేస్తున్నాడు. ఎందుకని అడిగాను.

"మనవాళ్ళు గుర్తుపట్టాలని," అన్నాడు ఇంగ్లీషులో, బ్రష్ ఆపకుండా. "ఇది కొత్త విమానం. దీని ఆకారం ఎవరూ చూసి ఎరగరు. మొదట్లో మనవాళ్ళే శత్రువుదనుకుని కాల్చేవాళ్ళు. అందుకని యుద్ధంలో తోకలు తెల్లగా వేశారు."

"వేశాక కాల్చలేదా?"

అప్పుడు బ్రష్ ఆపాడు. వాళ్ళ నాన్న న్యూగినీలో బూమరాంగ్ నడిపాడట. ఈయన తల్లి కడుపులో ఉండగానే పోయాడు. కాల్చింది కింద నుంచి, మన వైపు ఫిరంగే. తోక తెల్లగానే ఉంది. పొద్దున్నే పొగమంచులో కనపడలేదని చెప్పారట. ఇదంతా ఆయన వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా చెప్పాడు.

"మీ అమ్మగారు ఈ విమానం చూశారా?" అని అడిగాను.

"మ్యూజియంలో ఒకటుంటే తీసుకెళ్తానన్నాను. రానంది. దాన్ని చూసింది చాలంది. తొంభై ఏళ్ళు బతికింది, ఏనాడూ రాలేదు."

విమానం పొట్ట కింద పడుకుని మా పిల్ల ఏదో బిగిస్తోంది. బయటకు చాచిన చామనఛాయ కాళ్ళు, నూనె మరకల బూట్లు. ఈ దేశంలో పుట్టింది, ఈ దేశం మాటే మాట్లాడుతుంది. అయినా రైల్లో ఎవరో ఒకరు నువ్వు అసలు ఎక్కడిదానివని అడుగుతూనే ఉంటారు. మంచులో, దూరం నుంచి, దీన్ని ఎవరు మనదని గుర్తుపడతారు? పులిహోర గిన్నె మూత తీసి, పెద్దాయనకు ఒక ప్లేటులో పెట్టిచ్చాను.

ఇంటికొస్తూ కారులో పిల్లకు ఆ సంగతి చెప్పాను.

"ఐ నో, అమ్మా. నాకు టెన్ ఇయర్స్ ఉన్నప్పుడే చెప్పాడు."

"తెలిసీ అప్లై చేశావా?"

రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే నడుపుతోంది. "తెలిసే చేశా," అంది. ఆ పైన నన్ను సముదాయించడానికి ఒక్క మాట కూడా చెప్పలేదు. సముదాయిస్తే పోట్లాడొచ్చని నేను కాచుకుని కూర్చున్నాను. ఇల్లొచ్చింది.

సెలెక్ట్ అయింది. ఫోన్ వచ్చినప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను. అవతల తను కేకలు పెడుతోంది, తండ్రి వెనక నుంచి ఇంకా పెద్ద కేకలు. కంగ్రాట్స్ నాన్నా అని చెప్పి, బాత్రూంలోకి పోయి గడియ పెట్టుకుని ఏడ్చాను. ఆనందబాష్పాలని ఎవరికీ అబద్ధం చెప్పను. అది భయం. ఇరవై మూడేళ్ళు పెంచిన చెయ్యి వదిలెయ్యమంటే వచ్చిన ఏడుపు.

మొక్కు మొక్కే కదా. శిక్షణకు పోయేముందు ఆదివారం ముగ్గురం గుడికి పోయాం. పెండిల్ హిల్‌లో సెలూన్ నడిపే నెల్లూరాయన్ని పిలుచుకున్నాం. ఇలాంటివాటికి ఆయనే కత్తీ చెంబూ పట్టుకుని వస్తాడు. గుడి వెనక వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసి పిల్లను కూర్చోబెట్టాడు. జడ మొదట కత్తిరించి నా చేతిలో పెట్టాడు. ఎన్ని ఆదివారాలు నూనె పెట్టానో ఆ జడకు. బరువుగా ఉంది. తరువాత నీళ్ళతో తడిపి, కత్తి ఆడించాడు. చూస్తుండగానే నా పిల్ల తల నున్నగా అయింది. చెవులు మాత్రం పెద్దవిగా, చిన్నప్పటివే. అద్దంలో చూసుకుని పకపకా నవ్వింది. మా ఆయన మాత్రం కళ్ళద్దాలు తీసి, అవసరం లేకపోయినా తుడుచుకుంటూ నిలబడ్డాడు.

తను లేవగానే నేను పోయి ఆ కుర్చీలో కూర్చున్నాను. క్లిప్పు తీసి ముడి విప్పాను.

"అమ్మా? యూ లాస్ట్. నీ మొక్కు తీరలా," అంది పిల్ల.

"ఏంది మా, మీది గూడానా? మీదేం మొక్కు?" అన్నాడు నెల్లూరాయన.

"బిడ్డ క్షేమంగా ఇంటికి రావాలని."

ఆయన చుట్టూ చూశాడు. "ఏ బిడ్డ? ఈ పాపేనా? ఈడే ఉంది గదా మా."

"ఇంకా పోలేదు."

"పొయ్యొచ్చినాక గదా మా ఇచ్చేది! ముందుగాల ఎవురన్నా ఇస్తారా?"

"నేనిస్తున్నా. మీరు కానివ్వండి," అన్నాను.

ఆయన మా ఆయన వంక చూశాడు. మా ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని, నీళ్ళ చెంబు ఆయనకు అందించాడు. చల్లటి నీళ్ళు నా నెత్తిన పడ్డాయి, కళ్ళు మూసుకున్నాను. ఒళ్ళంతా వణికింది, ఆగలేదు. కత్తి తగులుతుందని ఆయన విసుక్కున్నాడు. అప్పుడు రెండు చేతులు వచ్చి నా చెంపలు గట్టిగా పట్టుకున్నాయి. రివెట్ల వెనక ఇనుపదిమ్మె పట్టి పట్టి కాయలు కాసిన చేతులు.

"కదలకు అమ్మా," అంది. "నేను పట్టుకున్నాగా."