మా అన్న పాస్ అనని ఆదివారం

మా అన్నయ్యకూ నాకూ మధ్య చివరి ఏళ్ళలో నడిచిన మాటలన్నీ పేకాట మాటలే. వన్ స్పేడ్. టూ హార్ట్స్. నో ట్రంప్. పాస్. ఒక తల్లి కడుపున పుట్టిన ఇద్దరు మగాళ్ళు, అరవై దాటినవాళ్ళు, ఎదురెదురుగా కూర్చుని ఇంతకుమించి ఒక్క ముక్క కూడా మాట్లాడుకునేవాళ్ళు కాదంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వనివ్వండి. నేనూ కొన్నాళ్ళు నవ్వాను. ఆయన పోయి ఏడాది దాటింది, ఇప్పుడు నవ్వు రావడం లేదు.

మాది రొంపిచెర్ల పక్కన పల్లె. అన్నయ్య ఊళ్ళోనే ఉండి పత్తీ మిరపా పండించేవాడు. నేను నరసరావుపేట కోర్టులో వకీలుని. కొన్నేళ్ళ కిందట పంచాయతీ ఎన్నికల్లో మా ఊరి సర్పంచి పదవి ఆడవాళ్ళకి రిజర్వయింది. ఒక పక్క మా వదిన నిలబడింది, ఇంకో పక్క నా బావమరిది భార్య నిలబడింది. మా వైపు ఎన్నికల్లో ఎటూ కాకుండా ఉండటం కుదరదు. ఇంట్లో తలుపేసుకుని కూర్చుంటే రెండు పక్షాలకీ శత్రువే. నేను మా ఆవిడ పుట్టింటివాళ్ళ వెంట తిరిగాను. వదిన ఓడిపోయింది. లెక్కింపు అయిన సాయంత్రం బడి గేటు ముందు, ఊరంతా వింటుండగా, అన్నయ్య నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"సొంత వదిన్ని ఓడగొట్టినోడివి. ఇయ్యాల్టి నుంచి నీకూ నాకూ మాటల్లేవురా!"

"లేకపోతే కొంపేం మునిగింది? పో!" అన్నాను నేను.

అంతే. పల్నాడులో పదిమంది ముందు అలాంటి మాట ఒకటి పడ్డాక దాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు. అన్నవాడూ పడ్డవాడూ ఇద్దరూ దానికి కాపలా కాస్తూ కూర్చోవాల్సిందే. మేమూ అలాగే కాశాం.

మాటలు పోయాయి గానీ ఆదివారం పోలేదు. పేటలో మా క్లబ్బు నిండా రమ్మీ ఆడేవాళ్ళే. బ్రిడ్జి ఆట తెలిసినవాళ్ళం నలుగురమే మిగిలాం: ఒక రిటైరైన డాక్టరు గారు, ఒక రిటైరైన లెక్కల లెక్చరరు గారు, మా అన్నయ్య, నేను. ఒక్కడు రాకపోతే ఆట లేదు. నేను మానేస్తే "మొహం చెల్లక రాలేదు" అని అన్నయ్య అంటాడని నేను పోయేవాణ్ణి. ఆయన కూడా అందుకే వచ్చేవాడనుకుంటాను. మధ్యాహ్నం భోజనం కాగానే మోటారు సైకిలేసుకుని పల్లె నుంచి దిగేవాడు. వచ్చి నా ఎదురు కుర్చీలో కూర్చునేవాడు. బ్రిడ్జిలో ఎదురుగా కూర్చున్నవాడే జోడీ మరి, ఏం చేస్తాం!

తెలియనివాళ్ళకి ఆట సంగతి క్లుప్తంగా చెబుతాను. ముక్కలు పంచాక ముందు పాట జరుగుతుంది, అచ్చం వేలంపాటలాగే. తలా ఒక ముక్క వేస్తే ఒక పట్టు; ఫలానా జాతి ముక్కలు తురుపైతే మేం ఇన్ని పట్లు గెలుస్తాం అని ఒకరి మీద ఒకరు పాడుకుంటూ పోవాలి. వరసగా ముగ్గురు పాస్ అంటే పాట ఆఖరు. పాట దక్కించుకున్నవాడు ఆడతాడు, అతని జోడీ తన ముక్కలన్నీ బల్ల మీద పరిచి నోరు మూసుకుంటాడు. ఆ పరిచినవాణ్ణి డమ్మీ అంటారు. పాటలో అంకెలు, ముక్కల పేర్లు, తురుపు లేని ఆటకి నో ట్రంప్, పాస్, డబుల్, రీడబుల్ తప్ప ఇంకో మాట అనకూడదు. దగ్గకూడదు కూడా అనేవాడు లెక్చరరు గారు, దగ్గులో కూడా సైగలుంటాయట.

జోడీల మధ్య ఒప్పందాలుంటాయి. ఫలానా పాటకి ఫలానా అర్థమని ముందే అనుకుంటారు. అవి రహస్యాలు కావు. అవతలివాళ్ళు అడిగితే, పాడినవాడు కాదు, అతని జోడీ ఆ అర్థం చెప్పాలి. మా ఒప్పందాలు మేం గుంటూరులో చదువుకుంటూ రోజూ ప్యాసింజరు బండిలో పోయివచ్చేప్పుడు చేసుకున్నవి. మోకాళ్ళ మీద తువ్వాలు పరుచుకుని ఆడేవాళ్ళం. ఫోర్ నో ట్రంప్ అంటే "నీ దగ్గర ఆసులెన్ని?" అని అడిగినట్టు. జవాబు విన్నాక ఎంతవరకు పోవాలో అడిగినవాడే తేల్చాలి.

"అడిగినోడిదే ఆఖరి మాట. రెండోవోడు మూసుకోవాల. సరేనంట్రా?" అని అన్నయ్య చెయ్యి చాపాడు. నేను చేతిలో చెయ్యి వేశాను. ఆ ఒప్పందాన్ని ఆయన ఆఖరి ఆదివారం దాకా ఏనాడూ తప్పలేదు, మాటలు లేని రోజుల్లో కూడా.

ఆట అయ్యాక మాత్రం కడుపులో ఉన్నది ఆగదు కదా. అందుకని డాక్టరు గారిని మధ్యన పెట్టుకుని పోట్లాడుకునేవాళ్ళం.

"డాక్టరు గారూ, ఆయన్ని అడగండి. ముందు తురుపులు లాగెయ్యకుండా ఆ డైమండ్లతో ఏం రాచకార్యం వెలగబెట్టాడో!"

"చెప్పండి డాక్టరు గారూ, తురుపులన్నీ లాగేస్తే డమ్మీలో కోయటానికి ఏం మిగిలుద్దని? ఆయన తలకాయా?"

"నా తలకాయ సంగతి ఆయనకెందుకంట, అడగండి!"

డాక్టరు గారు బజ్జీ నములుతూ, "ఇద్దరిదీ విన్నానయ్యా, ముక్కలు పంచండి" అనేవాడు. మంచి మనిషి.

ఒక మాట చెబుతాను, మా ఆవిడకి కూడా చెప్పలేదు. నేను వారమంతా ఆ ఆదివారం కోసం చూసేవాణ్ణి. కోర్టులో పొద్దస్తమానం ఎవరెవరితోనో గొంతు చించుకుని అరిచే మనిషిని, మా అన్నయ్య నోటెంట టూ హార్ట్స్ అన్న మాట నాకోసం రావడం వింటే ప్రాణం లేచి వచ్చేది. ఎన్నోసార్లు ఇవాళ పలకరిద్దాం అనుకుని పోయేవాణ్ణి. ఆయన బిగదీసుకుని కూర్చుంటే నాకూ ఒళ్ళు మండేది.

ఆ ఆఖరి చలికాలంలో ఆయన గొంతు బొంగురుపోయింది. చుట్టలు తాగి తాగి తెచ్చుకున్నాడులే అనుకున్నాను. మధ్య మధ్య దగ్గేవాడు. లెక్చరరు గారు విసుక్కుంటే చెయ్యెత్తి మన్నించమన్నట్టు చూపించేవాడు.

ఆ ఆదివారం అన్నయ్య అందరికన్నా ముందే వచ్చి కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చేతిలో చుట్ట లేదు. మామూలుగా పాటలో ఆయన మహా పిసినారి. ముక్కల్లో దమ్ము లేకపోతే పాస్ అని వెనక్కి వాలిపోయేవాడు. అలాంటివాడు మొదటి పంపకంలోనే, నేను వన్ నో ట్రంప్ అంటే, టూ క్లబ్స్ అన్నాడు. నేను టూ డైమండ్స్ అన్నాను. ఆయన టూ నో ట్రంప్ అన్నాడు. సరే, దమ్మున్నట్టుంది అని నేను త్రీ నో ట్రంప్‌కి పోయాను. తీరా ముక్కలు పరిస్తే ఏముంది? ఒక రాజు, ఒక జాకీ. మిగతా అంతా చెత్త. నాలుగు పట్లు తగ్గాం.

అలా ఒకటి కాదు. పాస్ అనాల్సిన చోటల్లా ఏదో ఒకటి పాడుతూనే ఉన్నాడు. ఎప్పుడూ ముక్కల్లోకి చూస్తూ పాడేవాడు, ఆ రోజు నా మొహంలోకి చూస్తూ, ఆ బొంగురు గొంతుతోనే ఒక్కో మాటా నిదానంగా అంటున్నాడు. డాక్టరు గారు డబుల్ అని మా నష్టాన్ని రెట్టింపు చేసుంటే మా పరువు గంగలో కలిసేది. ఎందుకో ఒక్కసారీ చెయ్యలేదు.

ఇంకాసేపటికి నాకు మంచి చెయ్యి పడింది. స్పేడ్లలో ఆసు మొదలుకుని ఆరు పెద్ద ముక్కలు. నేను వన్ స్పేడ్, ఆయన త్రీ స్పేడ్స్. నేను ఫోర్ నో ట్రంప్ అని ఆసులెన్నో అడిగాను. ఫైవ్ డైమండ్స్ అన్నాడు, అంటే ఒక్కటి. నాది ఒకటి, ఆయనది ఒకటి. రెండు ఆసులు బయట ఉన్నాయి కాబట్టి ఆరుకి, అంటే పదమూడింటిలో పన్నెండు పట్లకి, పోవడం దండగ అని నేను ఫైవ్ స్పేడ్స్ దగ్గర ఆపాను. అడిగినవాడిదే ఆఖరి మాట కదా. లెక్చరరు గారు పాస్ అన్నాడు.

"సిక్స్ స్పేడ్స్" అన్నాడు అన్నయ్య.

నేను తలెత్తి చూశాను. డాక్టరు గారు నెమ్మదిగా, "మీ అన్నయ్య ఆరుకి అర్థమేంది వకీలు గారూ?" అన్నాడు.

"నాకు తెలియదండీ" అన్నాను. నిజంగానే తెలియదు.

లెక్చరరు గారు చిన్న డైమండ్ వేశాడు. అన్నయ్య ముక్కలు పరిచాడు. డైమండ్లలో ఆసు, రాజు, రాణి వరసగా ఉన్నాయి. నా దగ్గర డైమండ్ ఒక్కటే, ఆసుతో ఆ పట్టు తీసుకున్నాను. ముందు అవతలివాళ్ళ తురుపులు లాగితే, డమ్మీలో ఉన్న తురుపులు నావాటికన్నా చిన్నవి కాబట్టి, ఆ చేతిలోకి మళ్ళీ పోయే దారి లేదు. తురుపులు లాగకుండా ఇప్పుడే రాజూ రాణీ ఆడేస్తే నా చేతిలోని పనికిరాని హార్ట్స్ రెండూ వాటి మీద పారెయ్యొచ్చు, ఒక్క క్లబ్బు ఆసు పోగొట్టుకుని బయటపడొచ్చు. కాకపోతే ఎవరి దగ్గరైనా డైమండ్లు రెండే ఉంటే మూడోదాన్ని తురుపు వేసి కోసేస్తారు. వేరే దారి లేదు, ఆడాను. రాజు బతికింది. రాణిని డాక్టరు గారు చిన్న తురుపుతో కోశాడు. ఒక పట్టు తగ్గాం.

నా చేతిలో ముక్కలు బల్ల మీద కొట్టాను. "డాక్టరు గారూ! ఆయనకి ఆడాలని లేకపోతే వేరే జోడీని చూసుకోమనండి! ఎదురు కూర్చుని ఇట్టా కక్ష తీర్చుకోవటమేంది?"

డాక్టరు గారు నా వైపు చూడలేదు. అన్నయ్య నవ్వినట్టు మొహం పెట్టాడు. అది చూసి నాకు ఇంకా మండింది.

ఆ తరవాత నేను ఒకటే పని పెట్టుకున్నాను. ఆయన ఏదన్నా పాడగానే పాస్. అటూ ఇటూ వాళ్ళు కూడా పాస్ అంటే పాట అయిపోతుంది, ఆయనకి ఇంకో వంతు రాదు. చివరి పంపకంలో ఆయన వన్ హార్ట్ అన్నాడు. మిగతా ముగ్గురం వరసగా పాస్ అన్నాం. అన్నయ్య కాసేపు నన్నే చూశాడు. తరవాత ఆట ఆడి, ముక్కలు దొంతర పెట్టి లేచాడు.

మరుసటి ఆదివారం నేను పోయేసరికి బల్ల దగ్గర ఇద్దరే ఉన్నారు. ముక్కలు కట్టలోంచి తియ్యలేదు.

"కూర్చోవయ్యా" అన్నాడు డాక్టరు గారు. "మీ అన్న రాడు. గొంతులో కేన్సరు. గుంటూర్లో ఆపరేషను చేశారు, స్వరపేటిక మొత్తం తీసేశారు. ఇక మాట రాదు."

"మీకు ముందే తెలుసా?"

"తెలుసు. చెబుతానంటే వద్దన్నాడు. 'మావోడికి చెప్పబాకండి. చెబితే జాలిపడి మాట్లాడతాడు. అట్టాంటి మాటలు నాకొద్దు' అన్నాడు."

గుంటూరు ఎలా పోయానో నాకు గుర్తు లేదు. వార్డు బయట బెంచీ మీద వదిన కూర్చుని ఉంది. ఎన్నికలప్పటి నుంచీ ఆమెతో కూడా నాకు మాటల్లేవు. నన్ను చూసి పక్కకి జరిగి చోటిచ్చింది.

"ఏం చెప్పేది అబ్బాయ్" అంది. "ఆపరేషనుకి ముందు ఆ పెద్ద డాక్టరు పిలిచి చెప్పాడు. మాట పోద్ది, ఎవురెవురితో మాట్లాడుకోవాల్నో ఈ రెండ్రోజుల్లో మాట్లాడుకోండి అన్నాడు. పిల్లలొచ్చారు, చుట్టాలొచ్చారు, ఇల్లు నిండా జనం. మీ అన్న ఎవురితోనూ సరిగా మాట్లాడలా. ఆదివారం ఇంత అన్నం తిని, మంచి చొక్కా తొడుక్కుని, క్లబ్బుకి పోయొస్తానే అన్నాడు. చోద్యం కాకపోతే ఇయ్యాల కూడా పేకాటేనా అని తిట్టిపోశాను."

ఆమెకి బ్రిడ్జి తెలియదు. తెలిసిన నాకు ఆ రోజు అర్థం కాలేదు. నాతో అనడానికి ఆయనకి మిగిలినవి ఆ కాసిని మాటలే. వాటినే ఎన్నిసార్లు వీలైతే అన్నిసార్లు అనుకోవాలని వచ్చాడు. నేను పాస్ అని, పాస్ అని, ఆయన నోరు కట్టేశాను. బెంచీ మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. వదిన కొంగు అందించి, "లోపలికి పో అబ్బాయ్, మెలకువగానే ఉన్నాడు" అంది. ఆ వారంలోనే ఆయన పోతాడని అప్పటికి మాకెవరికీ తెలియదు.

ముక్కులో గొట్టం, మెడ కింద చిల్లు, దాని మీద తడిగుడ్డ. చేతులు రెండూ సెలైన్ సూదులతో వాచిపోయి ఉన్నాయి. మంచం పక్కన నిలబడి, "అన్నయ్యా" అన్నాను. ఎన్నేళ్ళ తరవాతో.

కళ్ళు తిప్పి నన్ను చూశాడు. పెదాలు కదిలాయి. శబ్దం లేదు. మెడ మీద గుడ్డ మాత్రం ఊపిరికి లేచి పడింది.

"ఏంది అన్నయ్యా?"

మళ్ళీ అన్నాడు, ఈసారి ఇంకా నిదానంగా. వంగి, ఆ పెదాలనే చూస్తూ ఉన్నాను. నాకు తెలియలేదు. ఇంకోసారి అనమంటే ఆయాసపడతాడని భయమేసి, అర్థమైనట్టు తలూపాను. ఆయన నమ్మాడు.