ఆదివారం ఆరిన బట్టలు

లూయిస్ దీవి పడమటి ఒడ్డున క్రోవిక్ ఊళ్ళో రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభువు బల్ల ఏడాదికి రెండుసార్లు వేసేవారు, మార్చిలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి. గురువారం మొదలై సోమవారం దాకా అయిదు రోజులు ఊరికి మరో ధ్యాస ఉండేది కాదు. పక్క సంఘాల వాళ్ళు వచ్చి ఇళ్ళన్నీ నింపేసేవారు. ఒంటరిగా ఉండే ఐరిక్ ఇంట్లో నలుగురు ఆడవాళ్ళకు తక్కువ ఎప్పుడూ దిగలేదు. మంచాలు వాళ్ళకిచ్చి తాను వంటింటి బెంచీమీద నడుం వాల్చేది. గొర్రెమాంసం సూపు, ఉప్పుచేప, బంగాళదుంపలు, బార్లీ రొట్టె. వచ్చినవాళ్ళకు ఏ లోటూ రానిచ్చేది కాదు. ఇంతా చేసి, ఆదివారం ఆ బల్లదగ్గర మాత్రం కూర్చునేది కాదు. వెనకనుంచి మూడో బెంచీలో గోడవైపు కూర్చుని, రొట్టె, ద్రాక్షారసం చేతులు మారుతుంటే చూసి ఇంటికి వచ్చేసేది.

అందులో వింతేమీ లేదు. తగనేమోనన్న భయంతో బల్లకు దూరంగానే ముసలివాళ్ళయిపోయిన భక్తిపరులు ఆ ఊళ్ళో చాలామంది ఉన్నారు. ఐరిక్‌ది కూడా ఆ భయమేనని అందరూ అనుకున్నారు. కానీ ఆమె కథ వేరు.

పదహారో ఏటనుంచే ఆమె వేళ్ళకు పేలికలు చుట్టుకుని, ఉప్పు పీపాల పక్కన నిలబడి హెర్రింగ్ చేపలు చీరే పనికి రేవు రేవూ తిరిగింది. చేతిమీద ఒక్కో మచ్చకూ ఒక్కో రేవు పేరు చెప్పగలనని నవ్వేది. ఇరవై ఆరో ఏట తోర్మద్ అనే జాలరిని చేసుకుంది. పిల్లలు కలగలేదు. పెళ్ళయిన నాలుగేళ్ళకు తోర్మద్ తమ్ముడు సముద్రంలో పోయాడు. ఆ తరవాత ఒక రెండేళ్ళు తోర్మద్ తాగాడు. ఆ రెండేళ్ళే. తరవాత మళ్ళీ ముట్టలేదు. చివరి రోజుల్లో ఇంట్లో రెండుపూటలా ప్రార్థన జరిపిన మనిషిగానే ఊరికి గుర్తున్నాడు. పోయి తొమ్మిదేళ్ళయింది.

ఆ రెండేళ్ళలోనే ఒక శనివారం అతను పట్నం వెళ్ళి పొద్దుగూకినా రాలేదు. ఐరిక్ లాంతరు పట్టుకుని బయలుదేరింది. దొరికేసరికి అర్ధరాత్రి దాటిపోయింది. అడ్డరోడ్డు పక్కన గుంటలో, మంచుపట్టిన గడ్డిమీద పడి ఉన్నాడు. తోపుడుబండిలో వేసుకుని తెచ్చింది. ఆ చలికి పట్టిన దగ్గు అతన్ని చివరిదాకా వదల్లేదు. ఇంటికి చేరాక చూస్తే పెరట్లో ఉతికిన బట్టలు తీగమీదే ఉన్నాయి. అప్పటికి ఆదివారం వచ్చేసింది. దేవుని దినాన ఏ పనీ చెయ్యకూడదు, బట్టలు తియ్యడమూ పని కిందికే వస్తుంది. తియ్యకపోతే, ఆదివారం బట్టలు ఆరేసిన తప్పు ఊరంతా చూస్తుంది. ఆమె చాలాసేపు తీగ కింద నిలబడింది. చివరికి ముట్టుకోలేదు. దేవుని దినం చెడగొట్టడం కంటే తన పరువు పోవడమే నయమనుకుంది. తెల్లారి ఎండ కాసింది, గాలి వీచింది. చర్చికి వెళ్ళేవాళ్ళంతా చూస్తుండగా మూడు చొక్కాలు, రెండు దుప్పట్లు ఆ గాలికి ఎగురుతూ ఆరాయి.

ఆ వారంలోనే ఆమె మొదటిసారి బల్లకు రావాలని సంఘపెద్దల ముందు నిలబడాల్సి వచ్చింది. బల్లకు రాదలచినవాళ్ళు శనివారం మధ్యాహ్నం పెద్దల ముందుకు వెళ్ళాలి. తగునని తోస్తే ఒక సీసపు బిళ్ళ చేతిలో పెడతారు. మర్నాడు ఆ బిళ్ళ ఇచ్చి బల్లదగ్గర కూర్చోవాలి. ఆ రోజు ఫిన్లే అనే పెద్ద అడిగాడు: "బట్టలు శనివారం ఎందుకు తియ్యలేదు?" చెబితే తోర్మద్ పేరు చెప్పాలి. ఐరిక్ నోరు విప్పలేదు. "పశ్చాత్తాపం కనబడటంలేదు. ఇంకొంతకాలం ఆగు," అన్నాడు ఫిన్లే. ఆమె ఆగింది. ఇరవై ఆరేళ్ళు ఆగింది.

ఫిన్లేకి భార్య పోయింది, ఆపైన చూపూ పోయింది. పక్కిల్లు ఐరిక్‌దే. ఆరేళ్ళనుంచి మధ్యాహ్నం గిన్నెడు సూపు ఆమే తీసుకువెళ్ళేది. ఊరు ఆమెను మెచ్చుకునేది. ఆమెకు మాత్రం లోపల తెలుసు. గిన్నె పెట్టేటప్పుడు ప్రతిసారీ అనుకునేది: నన్ను ఆపినవాడు నా చేతికూడు తింటున్నాడు. ఆ తలపు తీపిగా ఉండేది. ఆ తీపిని ఆమె చాలాకాలం జాలి అనుకుంది.

ఈ కథ జరిగిన అక్టోబరులో కొత్త పాస్టరు ఇంటికి వచ్చి, "ఈసారి శనివారం మీరు రావాలమ్మా," అన్నాడు. "చూస్తాను," అంది ఐరిక్. ఫిన్లే మీద ఉన్నది మనసులో పెట్టుకుని బల్లదగ్గర చెయ్యి చాపలేనని ఆమెకు తెలుసు. అది పోయిందో లేదో మాత్రం తెలియదు.

శుక్రవారం మగవాళ్ళ రోజు. ఒక పెద్దవాడు లేచి ప్రశ్న వేస్తాడు. పాస్టరు పేరు పెట్టి పిలిచినవాళ్ళు తాము అనుభవించినదాన్నిబట్టి జవాబు చెబుతారు. ఆ రోజు ప్రశ్న ఇది: నిజంగా క్షమించినవాణ్ణి, క్షమించాననుకునేవాణ్ణి వేరుచేసి చూపే గుర్తులేమిటి? చాలామంది చక్కగా మాట్లాడారు. చివర రోడ్డుపని చేసే డోనల్‌ను పిలిచారు. అతను టోపీ నలుపుతూ, "నాకు తెలిసింది ఒక్కటే. మా అన్నకు నేను అన్నీ చేశాను. వాడు మాత్రం నాకేదైనా చెయ్యబోతే ఒప్పుకోలేదు. అప్పుడు తెలిసింది, నేనింకా వాణ్ణి క్షమించలేదని," అని కూర్చున్నాడు.

చర్చినుంచి వస్తుంటే ఐరిక్ ఇంట్లో దిగిన షోనక్ అంది: "ఏమే, మొహం అలా పెట్టావేం? డోనల్ చెప్పింది నీక్కాదులే. నువ్వు ఎవరిదగ్గరా ఏదీ పుచ్చుకోవు గానీ, అది మొండితనం, పాపం కాదు."

"రెండూ ఒకే గూట్లో ఉంటాయేమో అక్కా," అంది ఐరిక్.

గిన్నె తీసుకుని పక్కింటికి వెళ్ళింది. కాలు వాచి ఫిన్లే ఆ రోజు చర్చికి రాలేకపోయాడు.

"ఎవరు, ఐరికా?"

"నేనే పెద్దయ్యా. సూపు. వేడిగా ఉంది."

"తెలుసు. గిన్నె పెడతావు, వేడిగా ఉందంటావు, వెళ్ళిపోతావు. నీకంటే ఈ ఇంట్లోకి వచ్చే ఈగ నయం, కాసేపు వాలుతుంది. టీ పెట్టనా?"

ఆరేళ్ళుగా రోజూ అడిగే మాటే. రోజూ ఆమె వద్దనేది.

"పెట్టండి."

ఫిన్లే మొహం ఆమె వైపు తిప్పాడు. "ఏమన్నావు?"

"పెట్టండి అన్నాను. కళ్ళతోపాటు చెవులూ పోయాయా?"

"అవి ఉన్నాయిలే. నమ్మకమే కుదరటంలేదు," అంటూ లేచాడు.

ఐరిక్ కూర్చుంది. అతను గోడ తడుముతూ పొయ్యిదాకా పోయాడు. కప్పు వెతికాడు. నీళ్ళు కొన్ని కప్పులో, కొన్ని బల్లమీద, కొన్ని తన చొక్కా చేతిమీద పోసుకున్నాడు. లేచి సాయం చెయ్యాలని ఆమె చేతులు తహతహలాడాయి. వాటిని ఏప్రన్ కింద దాచుకుని కూర్చుంది. అంత కష్టమైన పని తాను చేపల పీపాల దగ్గర కూడా చెయ్యలేదని తరవాత అనుకుంది.

"ఇవాళ ప్రశ్నేమిటి?" అన్నాడు ఫిన్లే కప్పు అందిస్తూ.

చెప్పింది. డోనల్ జవాబు కూడా చెప్పింది.

"డోనల్ అన్నాడా? రోడ్డుమీద గుంతలు తప్ప వాడికింకేమీ కనబడవనుకున్నాను." కుర్చీ తడిమి కూర్చుని అడిగాడు: "అయితే ఎవరిని క్షమించడానికి ఇక్కడ కూర్చున్నావు?"

"మిమ్మల్నే."

"ఆ బట్టలు," అన్నాడు ముసలాయన. "మూడు చొక్కాలు, రెండు దుప్పట్లు. చూపు పోయినా అవి పోలేదు." అతని గొంతు తగ్గింది. "నీకు తెలియనిది ఒకటుంది ఐరిక్. ఆ రాత్రి నీకంటే ముందు తోర్మద్‌ను నేను చూశాను. అడ్డరోడ్డు దగ్గర. దాటి వచ్చేశాను."

ఐరిక్ కప్పు దించింది. "బతికున్నాడో లేదో చూశారా?"

"గురక వినబడింది."

"అది చాలనుకున్నారు."

"పన్నెండు కావస్తోంది. ఆదివారం రాకముందే ఇల్లు చేరాలనుకున్నాను. అంతే. అంతకంటే మంచి కారణం నా దగ్గర లేదు."

"అన్నీ తెలిసి మరి నన్నెందుకు అడిగారు?"

"నువ్వు చెబితే, నేనూ చెబుదామనుకున్నాను. నువ్వు నోరు విప్పలేదు. నీమీద కోపం వచ్చింది. ఆగు అనడం తేలికైంది." చేతికర్ర పట్టుకున్నాడు. "రేపు నన్ను ఎత్తుకునైనా తీసుకెళ్ళమంటాను. పెద్దల ముందు అంతా చెప్పేస్తాను. నీ పేరు మళ్ళీ నిలబడుతుంది."

ఐరిక్ లేచింది. కప్పు సగంలో వదిలేసి వచ్చేసింది. చిన్న తప్పొకటి క్షమిద్దామని సిద్ధపడి వెళ్తే, దాని వెనక ఇంత ఉందని ఆమెకు తెలియదు. తోర్మద్ పదిహేడేళ్ళ దగ్గు ఆమె చెవుల్లో ఉంది.

ఇంటినిండా చుట్టాలు. ప్రార్థనకు చోటు లేక పశువుల కొట్టంలోకి వెళ్ళి ఆవు పక్కన మోకరించింది. క్షమించే మనసిమ్మని అడగబోయింది. అడుగుతూ అడుగుతూ, మర్నాడు ఫిన్లే పెద్దల ముందు తల వంచుకుని చెబుతుంటే తాను ఎలా నిలబడాలో, ఏమనాలో కూర్చుకుంటున్న సంగతి గమనించింది. మాటలు అందంగా కుదురుతున్నాయి. సూపు గిన్నెలో ఉన్న తీపే మళ్ళీ నాలుకమీదికి వచ్చింది. ఐరిక్‌కు భయం వేసింది. రేపు బిళ్ళ పుచ్చుకున్నా, ఆ తీపి పెట్టుకుని పుచ్చుకుంటే అది సీసం ముక్కేనని ఆమెకు అర్థమయింది. ఆమెన్ అనకుండానే లేచింది.

ఆ తీపి మళ్ళీ తగలకూడదని శనివారం సూపు తాను తీసుకెళ్ళలేదు. షోనక్ చేతికిచ్చి పంపింది.

మధ్యాహ్నం చర్చి వెనక గదిలో పాస్టరు, అయిదుగురు పెద్దలు కూర్చున్నారు. ఫిన్లేను ఇద్దరు పట్టుకుని తెచ్చారు. పాస్టరు విశ్వాసం గురించి రెండు ప్రశ్నలు అడిగాడు. ఐరిక్ క్లుప్తంగా చెప్పింది. "ఇంకెవరైనా అడగాలా?" అన్నాడు పాస్టరు.

ఫిన్లే కర్రమీద ఆని లేచాడు. "అడగడానికి కాదు, చెప్పడానికి. ఇరవై ఆరేళ్ళ కింద ఇదే గదిలో..."

"పెద్దయ్యా, కూర్చోండి," అంది ఐరిక్.

పెద్దలు ఉలిక్కిపడ్డారు. ఆ గదిలో ఆడమనిషి అలా మాట్లాడటం వాళ్ళు వినలేదు.

"అందరూ వినాలమ్మాయ్. నీ పేరు..."

"నా పేరుకేం, అది లేకుండానే ఇన్నేళ్ళు బతికాను. ఆ మాట ఎవరితో చెప్పాలో వాళ్ళతో చెప్పేశారు. నేను విన్నాను." ఆమె పెద్దల వైపు చూసి మళ్ళీ ఫిన్లే వైపు తిరిగింది. "ఇక్కడ చెబితే ఇంకొకాయన పేరు తియ్యాలి. ఆయన లేచి జవాబు చెప్పుకోలేడు. మీ గుండె తేలికపడాలని ఆయన్ని లేపకండి. మీకూ నాకూ మధ్య ఇక ఏమీ లేదు. నిన్నటిదాకా ఉంది. ఇప్పుడు లేదు."

ఫిన్లే నిలబడే ఉన్నాడు. చివరికి, "నేను మోసుకోవాల్సిందేనంటావు," అన్నాడు.

"కొంచెం. బరువైతే చెప్పండి, వచ్చి కూర్చుంటాను."

ముసలాయన నెమ్మదిగా కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. పాస్టరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఏమీ అడగకపోవడం ఆయన ఆ ఊళ్ళో చేసిన మొదటి తెలివైన పని అని ఒక పెద్ద తరవాత అన్నాడు. బిళ్ళ ఎవరు ఇవ్వాలన్న ప్రశ్న వచ్చింది. "నేనిస్తాను. ఆగమన్నది నేనే," అన్నాడు ఫిన్లే. చాపిన చెయ్యి ఆమెకు రెండడుగుల పక్కగా గాలిలో ఆగింది. ఐరిక్ ఆ వైపు జరిగి అరచెయ్యి దాని కింద పెట్టింది.

గదిలో ఏం జరిగిందో బయటికి సగమే వచ్చింది. ఐరిక్ ఏదో ఒప్పుకుందని, ఫిన్లే బిళ్ళ ఇచ్చాడని. మిగతాది ఊరు తనకు తోచినట్టు కలుపుకుంది. సాయంత్రం ఇంట్లో అందరూ మర్నాటి పని ముందే ముగించుకుంటున్నారు. నీళ్ళు నింపారు, పొయ్యిలో కాల్చే పీటు మట్టిగడ్డలు లోపల పేర్చారు. ఐరిక్ బంగాళదుంపలు చెక్కుతోంది. షోనక్ వచ్చి పక్కన చతికిలబడింది.

"ఎట్టకేలకు ఆ బట్టల తప్పు ఒప్పుకున్నావటగా! ముందే ఒప్పుకుంటే సరిపోయేది కదే తల్లీ. ఫిన్లే పెద్దమనసుతో క్షమించాడని బావిదగ్గర చెప్పుకుంటున్నారు."

ఐరిక్ చేతిలో కత్తి ఒక్క క్షణం ఆగింది.

"అలా అనుకుంటున్నారా?"

"ఊరంతా."

"సరే," అంది ఐరిక్. ఇంకో దుంప తీసుకుంది. "చేతులు ఖాళీగా ఉంటే ఆ కత్తి అందుకో అక్కా, చీకటిపడేలోపల బుట్టెడు చెక్కాలి."