మంచి కాలికి కట్టు

గెలుపునూ పిల్లవాడి క్షేమాన్నీ ఒకే గుడ్డపీలికతో కట్టబోయి, రెండింటినీ ఒకే పూట ముంచిన ఘనుణ్ణి నేను. చదివి నవ్వండి, నాకేమీ అభ్యంతరం లేదు.

అప్పుడు నేను చిత్తూరులో ఒక హైస్కూలుకు కొత్తగా వచ్చిన డ్రిల్లు మాస్టరును. యుద్ధం రోజులు. బియ్యానికీ నూలుకూ కరువే గానీ నా గొప్పలకు కరువు లేదు. బాస్కెట్‌బాల్‌లో తిరుపతి జట్టును ఓడించి కప్పు తెస్తామని హెడ్మాస్టరుతో సహా ఊరందరికీ చెప్పేశాను. నా ధైర్యమంతా మునిరత్నం. నగరి నేతవాళ్ళ పిల్లవాడు. వాడి చేతికి అందితే బంతి బుట్టలో పడ్డట్టే. సెలవుల్లో నాయనతో పాటు మగ్గం తొక్కేవాడు. ఆ ఇంటి కూడు ఆ ఇద్దరి కాళ్ళ మీదే ఉండేది.

ఆటకు ముందురోజు వాడి ఎడమ చీలమండ బెణికింది. బుద్ధి ఉన్నవాడైతే వాణ్ణి కూర్చోబెట్టేవాడు. నేను ఆలోచించాను! గుడ్డ తెచ్చి కుడికాలికి కట్టు కట్టాను.

"సార్, నొప్పి ఆ కాల్లో ఉండాది."

"తెలుసులేరా. వాళ్ళు కట్టు చూసి ఈ కాలి మీదనే పడతారు. నొప్పి కాలి జోలికి ఎవడూ రాడు. నువ్వూ క్షేమం, మనమూ గెలుస్తాం."

తిరుపతి పిల్లలు నిజంగానే కట్టు చూశారు. చూసి వాళ్ళ కెప్టెన్ ఏమని అరిచాడో వినండి.

"రేయ్, పాపం, వానికి కుడికాలు బాగలేదు! ఆ పక్క పోవాకండిరా. అందురూ ఎడమ పక్కకే రాండి!"

వచ్చారు. అయిదుగురూ వచ్చారు. అంత మంచి పిల్లలను నేను అంతకుముందు చూడలేదు, మంచి పిల్లలను అంతగా తిట్టుకోనూ లేదు. మునిరత్నం "నాయనా!" అంటూ కూలబడ్డాడు.

కొడుకు ఆట చూడాలని నగరి నుంచి వచ్చిన వాళ్ళ నాయన గుంపును తోసుకుని పరుగెత్తాడు. హెడ్మాస్టరు వంగి కట్టు విప్పారు. కాలు నిక్షేపంగా ఉంది.

"వాపు యాడరా?" అన్నారు హెడ్మాస్టరు.

మునిరత్నం రెండో కాలు చూపించాడు. అది బూరెలా పొంగి ఉంది.

"మరి కట్టు ఈడెందుకుండాది? ఎవరు కట్టినారు?"

పిల్లవాడు నావైపు చూశాడు. ఉద్యోగం సంగతి అటుంచండి, ఆ వాపు చూసి నాకు ఏడుపొచ్చింది. మగ్గం తొక్కే కాలది.

"నేనే కట్టినాను సామీ," అన్నాడు వాళ్ళ నాయన. "పెద్దోణ్ణయినాను గదా, కుడేదో ఎడమేదో తెలీలేదు."

పొద్దస్తమానం కుడీ ఎడమా మార్చి మార్చి మగ్గం తొక్కేవాడికి కుడిఎడమలు తెలియవట! హెడ్మాస్టరు ఆయన్ని చూశారు, నన్ను చూశారు, మీసాల్లో నవ్వుకుంటూ వెళ్ళిపోయారు.

ఓడిపోయాం. ఎంత ఘోరంగా అని మాత్రం అడగకండి. ఆట అయ్యాక మునిరత్నం నాయన చేతులు పట్టుకున్నాను.

"నా కోసం ఎందుకప్పా అబద్ధం చెప్పినావు?"

"కొత్తగా మగ్గమెక్కినోడు నాలుగు పోగులు తెంపుతాడు అయ్యోరా. దానికని దించేస్తే పనెప్పుడు నేర్చుకుంటాడు?"

నెల తిరిగేసరికి మునిరత్నం కాలు బాగైంది. ఆ తండ్రికి ఈనాటికీ మనసులోనే దండం పెట్టుకుంటాను.

ఆ రోజు ఆ మైదానంలోనే, పడమటి సూర్యుడి సాక్షిగా, భీషణ ప్రతిజ్ఞ చేశాను: నొప్పితో ఉన్న పిల్లవాణ్ణి కప్పు కోసమే కాదు, స్వర్గం ఇస్తామన్నా ఆడించను. ఎత్తులు అసలే వేయను. తప్పనిసరై వేయాల్సి వచ్చినా, మంచి పిల్లలున్న జట్టు మీద మాత్రం చచ్చినా వేయను.