ఈశాన్యంలో తీసిన గోడ

నల్లగొండ డిపోలో కండక్టర్ గ్లోరీ బస్సు అంటే డ్రైవర్లకు నిశ్చింత, ఫుట్‌బోర్డు మీద వేలాడే పోరగాళ్లకు తలనొప్పి. మెట్టు మీద నిలబడ్డవాడు లోపలికి జరిగేదాకా ఆమె నోట 'రైట్' అనే మాట వచ్చేది కాదు.

"లోపలికి రా నాయినా. నువ్వు కిందవడితే రెండు రోజులల్ల లేస్తవ్, నాకు చార్జిషీటొస్తె రెండేండ్లైనా లేవ" అనేది. బస్సంతా నవ్వేది. ఆమె మాత్రం నవ్వేది కాదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నకిరేకల్ దాటాక ఒక పెద్దమనిషి తలుపులోంచి జారి పడ్డాడు. తాగింది ఆయనే, తలుపు దగ్గర నిలబడిందీ ఆయనే. అయినా డిపోలో సంజాయిషీ అడిగింది గ్లోరీని. "తలుపెందుకు మూయలేదు?" అన్నారు. ఇంక్రిమెంటు ఆగింది. ఆమె ఎవరినీ తిట్టుకోలేదు. తలుపు తన చేతిలో ఉన్నప్పుడు జవాబుదారీ కూడా తనదేనని ఒప్పుకొని ఊరుకుంది.

గ్లోరీది కట్టంగూర్. తండ్రి బెంజమిన్ బతికినంత కాలం ఒకరి పొలంలో నాట్లకో, ఇంకొకరి బావి పూడికకో పోయినవాడే. ఆయన పోయాక తల్లి సైదమ్మను తీసుకుని ఆమె నల్లగొండ వచ్చేసింది. డిపోకు నడిచిపోయేంత దూరంలో, వెంకటనర్సు కట్టిన మూడంతస్తుల ఇంట్లో రెండో అంతస్తులో కిరాయికి దిగింది. పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే, "ఫస్ట్ డ్యూటీకి చీకట్ల లేచి టిఫిన్ కట్టిచ్చేటోడు దొరికితే చెప్పుండ్రి" అని నోరు మూయించేది.

వెంకటనర్సుకు గడియారం చౌరస్తాలో చీరల దుకాణం ఉంది. రామన్నపేట దగ్గర మగ్గం గుంటలో కాళ్లు పెట్టి పెరిగినవాడు, రెక్కల కష్టంతో పైకి వచ్చినవాడు. చెడ్డవాడని ఎవరూ అనరు. కిరాయిదార్ల ఇళ్లలో పెళ్లయితే చీర పెట్టి పంపేవాడు. కానీ ఆయన దుకాణానికి ఎదురుగా అద్దాల షోరూం ఒకటి వచ్చి పడ్డాక బేరాలు పలచబడ్డాయి. దుకాణం సంగతి దుకాణంలో చూసుకోకుండా ఆయన కల్వకుర్తి నుంచి వాస్తు సిద్ధాంతిని ఇంటికి పిలిపించాడు. సిద్ధాంతి దిక్సూచి పట్టుకుని ఇంటి చుట్టూ తిరిగి, ఈశాన్యం బిగుసుకుపోయింది, తెరవాలి అని చెప్పి పోయాడు.

ఉగాది దాటాక మంచిరోజు చూసి ఈశాన్యం మూల ప్రహరీ పగలగొట్టించారు. కొబ్బరికాయ కొట్టారు, అంచులకు పసుపు రాశారు, ఇంట్లో ఉన్నవాళ్లందరికీ పులిహోర పంచారు. సైదమ్మ మోదుగ విస్తర్లు కుట్టి ఇచ్చింది. గ్లోరీ డ్యూటీ దిగివచ్చి రెండోసారి కూడా పెట్టించుకుని తింది. గోడలో ఆటో పట్టేంత సందు తేలింది. సందు అవతల తుమ్మచెట్ల ఖాళీ జాగా. దాని అవతల వైన్ షాపు పర్మిట్ రూం, జనం కూర్చుని తాగే చోటు.

అంతకు కొన్నాళ్ల ముందే వాచ్‌మన్ ఎల్లేష్ పని మానేసి ఊరికి పోయాడు. అతని జాగాలో ఇంకొకరు రాలేదు. కిరాయిదార్ల దగ్గర మెయింటెనెన్స్ మాత్రం నెలనెలా వసూలవుతూనే ఉంది. మెట్ల దగ్గర బల్బు మాడిపోతే ఎవరూ మార్చలేదు. గోడ తీశాక బండ్లలో పెట్రోలు పోవడం మొదలైంది. మెట్ల కింద తాగిపడుకున్నవాళ్లు పొద్దున్నే సైదమ్మ ఊడ్చే చీపురు తగిలి లేచేవాళ్లు.

గ్లోరీ దుకాణానికి పోయి చెప్పింది.

"సేటూ, గా సందుకు ఒక గేటన్న పెట్టియ్యి. పొద్దుగాల దిగాలంటే భయమైతాంది."

"ఈశాన్యం నుంచి లక్ష్మి వస్తది బిడ్డా. గేటు వెట్టి ఆపుతమా?"

"లక్ష్మి ఒక్కతే వస్తదా? ఆమె ఎన్క ఎవరెవరొస్తున్నరో చూసినవా?"

వెంకటనర్సు నవ్వి, పనివాడితో చాయ్ తెప్పించాడు. ఆ వారంలోనే వెల్డింగ్ మనుషులు వచ్చారు. గ్లోరీ సంతోషపడింది. వాళ్లు కింది అంతస్తులో వెంకటనర్సు సొంత వాకిలికి ఇనుప జాలీ తలుపు బిగించి, తాళం వేసి చూసుకుని వెళ్లిపోయారు.

వానకాలంలో ఒకనాడు, ఇంకా తెల్లవారక ముందు, గ్లోరీ మిర్యాలగూడ ఫస్ట్ బస్సుకు దిగుతూ ఉండగా మెట్ల కింద నుంచి ఒకడు లేచాడు. బ్యాగు లాగాడు. ఆమె వదల్లేదు. జుట్టు పట్టి రెయిలింగుకేసి కొట్టాడు, ఎడమ చేతిని మెలితిప్పాడు. ఆమె గొంతు బస్సు వెనక సీటుదాకా వినిపించే గొంతు. ఆ అరుపుకు ఇల్లంతా లేచింది. వాడు వచ్చిన సందులోంచే ఉరికిపోయాడు. మణికట్టు విరిగింది, ముందు పన్ను ఒకటి రాలిపోయింది. నెల తిరిగేలోగా పోలీసులు వాడిని పట్టుకున్నారు. ఆ కేసు ఆ దారిన నడుస్తోంది.

వెంకటనర్సు, ఆయన భార్య సుభద్రమ్మ దవాఖానకు వచ్చారు. సుభద్రమ్మ మంచం పక్కన కూర్చుని, కట్టు కట్టిన చేతిని చూస్తూ ఏడ్చింది. వెంకటనర్సు నిలబడే మాట్లాడాడు.

"మన కర్మ బిడ్డా. దొంగ నా కొడుకు చేసిన పనికి ఎవరేం జేస్తరు?"

"దొంగను నేను జైల్ల చూస్కుంట సేటూ. గోడ సంగతి చెప్పు."

"గోడ ఏం జేసింది నిన్ను?"

"గోడ ఏం చెయ్యలే. లేదు గదా, గందుకే."

ఆయన మొహం మాడ్చుకున్నాడు. పోతూ పోతూ సైదమ్మతో, భయమైతే ఇంకో జాగా చూసుకోమని, అడ్వాన్సు ఆ పూటే ఇచ్చేస్తానని అన్నాడు. సైదమ్మకు ఆ మాట నచ్చింది. ఆమె కూతురితో అదే అంది.

"పోదాం బిడ్డా. మనకేంది, కిరాయిటోళ్లం."

"పోతే ఏమైతది? నా జాగాల ఇంకో ఆడివిల్ల వస్తది. గదే మెట్లు దిగుతది. నేను పోనమ్మా. మా బస్సుల తలుపు మూయకుంటే నన్నడిగిండ్రు. ఈయన్ను ఎందుకడుగరు?"

సైదమ్మ ఇక వాదించలేదు. తుమ్మకంప కొట్టుకొచ్చి సందుకు అడ్డం వేసింది. పొద్దెక్కాక వెంకటనర్సు పూజ ముగించుకుని వచ్చి, పట్టుపంచె ఎగగట్టుకుని, ఆ కంపను తన చేతులతోనే లాగి అవతల పారేశాడు. "ఈశాన్యంల ముండ్లు వేస్తరా? నా ఇల్లు మునుగాల్నా?" అని అరిచాడు. చేతికి ముల్లు దిగి నెత్తురు కారుతున్నా చూసుకోలేదు.

గ్లోరీ వకీలు మంజులత దగ్గరికి వెళ్లింది. మంజులత తియ్యగా మాట్లాడే మనిషి కాదు. అంతా విని, ఉన్నమాట చెప్పింది.

"ఉట్టి కిరాయి కేసైతే వినియోగదారుల కమిషన్‌ల నిలబడుడు కష్టం. కాని వాచ్‌మన్ పేరుమీద, లైట్ల పేరుమీద ఆయన మెయింటెనెన్స్ తీసుకుంటున్నడు. అది సేవ. తీసుకొని చెయ్యకుంటే సేవాలోపం. అయితే ఒకటి. ప్రమాదం ఉందని ఆయనకు ముందే తెలుసని మనం చూపియ్యాలె. దారి ఆయనే తెరిచిండని చూపియ్యాలె."

"అందరి ముంగట కొబ్బరికాయ కొట్టి తెరిచిండు మేడం. పులిహోర తిన్నం."

"తిన్నోళ్లొచ్చి చెప్తరా?"

ఎవరూ రాలేదు. పై అంతస్తు టీచరమ్మ, పాప పరీక్షలు అయ్యేదాకా తనను ఇందులోకి లాగొద్దని దండం పెట్టింది. పక్క వాటా ఆయన, తాను ఆ రోజు ఊళ్లో లేనన్నాడు. రెండు విస్తర్ల పులిహోర కట్టించుకుని ఆఫీసుకు పట్టుకుపోయింది ఆయనే. గ్లోరీ వాళ్లను తిట్టలేదు. ఊళ్లో కిరాయి ఇల్లు దొరకడం ఎంత కష్టమో ఆమెకూ తెలుసు.

వెంకటనర్సు తరఫున జవాబు వచ్చింది, ఆయన వకీలు తానే రాసి, చదవనివ్వకుండానే సంతకం పెట్టించింది. అందులో వేరే కథ ఉంది. ప్రహరీ గోడ ఆ ఏడు వానలకు నాని కూలిపోయిందట. మేస్త్రీలు దొరక్క కట్టించడం ఆలస్యమైందట. ఈలోపే, ఎవరూ ఊహించని విధంగా, దురదృష్టవశాత్తు ఆ సంఘటన జరిగిందట. దొంగ కొట్టినప్పటికంటే ఆ కాగితం చదివినప్పుడే గ్లోరీకి ఎక్కువ కోపం వచ్చింది.

మంజులత స్థల పరిశీలన కోరింది. కమిషన్ ఒప్పుకుని విజేందర్ అనే యువ న్యాయవాదిని పంపింది. తేదీ ముందే తెలిసింది కాబట్టి మంజులతకు గుబులు పట్టుకుంది. ఆ లోపల వెంకటనర్సు గోడ కట్టించేసినా, ఒక గేటు తెచ్చి నిలబెట్టినా, పాత సంగతి చెప్పడానికి మనుషులు లేరు. గోడ వానకు కూలింది, మేం కట్టించాం అంటే అంతే. గ్లోరీ రోజూ డ్యూటీ దిగి వస్తూ ముందు సందు వైపు చూసేది. ఇటుకలు దిగాయేమోనని.

ఇటుకలు దిగలేదు. పరిశీలన రోజున సందు అట్లాగే ఉంది. పైపెచ్చు కార్తీకమాసం కావడంతో అంచుల పసుపు కొత్తగా మెరుస్తోంది. అటూ ఇటూ దీపపు ప్రమిదలు.

విజేందర్ కొలతలు తీసుకున్నాడు, మెట్ల కింద చూశాడు, మాడిన బల్బు చూశాడు. వెంకటనర్సు, ఆయన వకీలు, మంజులత, గ్లోరీ చుట్టూ నిలబడ్డారు. విజేందర్ రాసుకుంటూ, అందరికీ వినపడేట్టు పైకే చదివాడు.

"ఈశాన్య మూలన... కూలిపోయిన గోడ..."

వెంకటనర్సు ఉలిక్కిపడ్డాడు.

"సార్, జర ఆ మాట రాయకుండ్రి."

"ఏ మాట?"

"కూలిపోయిన అని. ఈశాన్యం గోడ కూలుడంటే ఇంటి పెద్దకు గండం సార్. గట్ల కాయితం మీద పడొద్దు."

ఆయన వకీలు గట్టిగా దగ్గాడు. వెంకటనర్సు వినిపించుకోలేదు.

"మరేం రాయమంటరు?"

"అది కూలలే సార్. శాస్త్రప్రకారం తీసిన. ముహూర్తం వెట్టి, కొబ్బరికాయ కొట్టి, నేనే మొదటి గడ్డపార దెబ్బ ఏసిన. కావాల్నంటే ఈ గ్లోరీని అడుగుండ్రి, ఆమె గూడ పులిహోర తిన్నది!"

దగ్గు ఆగిపోయింది. వకీలు చెమట తుడుచుకున్నాడు. గ్లోరీ నెమ్మదిగా అంది:

"తిన్న సార్. రెండుసార్లు పెట్టించుకున్న."

విజేందర్ రాసిన మాట కొట్టేసి, కొత్తగా రాశాడు. యజమాని స్వయంగా తీయించిన గోడ. ఎప్పుడు తీశారని అడిగాడు. ఉగాది దాటాక అని వెంకటనర్సే చెప్పాడు. వానలకంటే చాలా ముందు. తర్వాత విజేందర్ కింది వాకిలి ముందు ఆగి, ఈ జాలీ ఎప్పుడు పెట్టించారని అడిగాడు. ఈసారి వెంకటనర్సు వకీలు వైపు చూశాడు. వకీలు నేల వైపు చూశాడు. జవాబు లోపలి నుంచి వచ్చింది. జాలీ అవతల సుభద్రమ్మ నిలబడి ఉంది.

"గోడ తీసినంక పెట్టిచ్చిండు సార్. తాగుబోతులొస్తున్నరని గ్లోరీ చెప్పినంక. మాకు భయమైంది."

"నువ్వు లోపలికి పో" అన్నాడు వెంకటనర్సు.

"నేను లోపల్నే ఉన్న. జాలీ లోపల. బయట ఉన్నది ఆ పిల్ల" అంది ఆమె.

మరుసటి ఏడు తీర్పు వచ్చింది. దాడి నేరం దాడి చేసినవాడిదే, దానికి శిక్ష వేరే కోర్టు చూసుకుంటుందని అందులో ఉంది. కానీ ఆ దారి తెరిచింది యజమాని, ప్రమాదం ఉందని తెలిసి తన వాకిలికి మాత్రం కాపు పెట్టుకుంది యజమాని, కావలి పేరు మీద సొమ్ము తీసుకుని కావలి పెట్టనిదీ యజమానే అని ఉంది. దవాఖాన ఖర్చు, నష్టపరిహారం ఇవ్వాలి. సందుకు తాళం పడే గేటు పెట్టాలి. మెట్లకు దీపం పెట్టాలి. మంజులత చదువుతుంటే సైదమ్మ మధ్యలో ఆపి, "గేటు సంగతి మల్లొకసారి సదువు బిడ్డా" అంది.

వెంకటనర్సు హైదరాబాద్‌లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసుకున్నాడు. పరిహారం మీద వాదన నడుస్తోంది. కానీ గేటు పెట్టక తప్పదని ఆయన వకీలే చెప్పాడు. చేసేది లేక, దిగులుగా కల్వకుర్తికి ఫోన్ చేసి దోషం పోయే ఉపాయం అడిగాడు. ఫోన్ స్పీకర్‌లో ఉంది. వరండాలో బియ్యం ఏరుకుంటున్న సుభద్రమ్మ, సైదమ్మ ఇద్దరూ విన్నారు.

"తలుపు వద్దని నేనెప్పుడు చెప్పిన సేటూ?" అన్నాడు సిద్ధాంతి. "ఈశాన్యంల వాకిలంటే శుభం. వాకిలన్నంక తలుపుండదా? తెరవమన్న గని, దొంగలకు తెరవమన్ననా?"

సుభద్రమ్మ చేటలోంచి తలెత్తలేదు. "ఏరు సైదమ్మక్కా, రాళ్లు శాన ఉన్నయ్" అంది.

గ్లోరీ ఆ ఇల్లు ఖాళీ చేయలేదు. మణికట్టు పూర్తిగా సాఫు కాలేదు. టికెట్ మిషన్‌ను ఎడమ చేతిలో ఎక్కువసేపు పట్టుకుంటే లాగుతుంది. కాబట్టి మెడకు పట్టీ వేసుకుని వేలాడదీసుకుంటుంది. పన్ను కట్టించుకుంది. ఫుట్‌బోర్డు పోరగాళ్లకు మినహాయింపు ఏమీ దొరకలేదు.

ఫస్ట్ డ్యూటీ రోజున ఆమె దిగే చప్పుడు విని సుభద్రమ్మ జాలీ తీసుకుని బయటికి వస్తుంది. డిపోకు సందులోంచి పోతేనే దగ్గర. గ్లోరీ గేటు దాటగానే సుభద్రమ్మ లోపలి నుంచి గొళ్లెం వేస్తుంది. అప్పుడు గ్లోరీ ఆగి, ఎడమ చేత్తోనే గేటును ఒకసారి లాగి చూస్తుంది.

"ఏందే, నా మీద నమ్మకం లేదా?" అంది ఒకనాడు సుభద్రమ్మ.

"నమ్మకం వేరే, గొళ్లెం వేరే చిన్నమ్మా."

"అప్పీలుకు నువ్వు గూడ పోతున్నవా హైదరాబాద్? మీ సేటు కారుల పోతాండు, ఎక్కరాదు?"

"ఎందుకు, నా బస్సులేంటికి ఉన్నయ్? సేటునే ఎక్కుమను. టికెట్ కొట్టి కూసోవెడత" అని గ్లోరీ డిపో వైపు నడిచింది. అప్పీలు రోజుకు లీవు చీటీ ఆమె ముందే రాసిచ్చింది.